రేడియో మాస్టారు మాట్లాడని పూట

మా బావగారిని బడిలో అందరూ రేడియో మాస్టారు అంటారు. ఎదురుగా కాదు, చాటుగానే. కానీ ఆ చాటు సంగతి ఆయనకి ఎప్పుడో తెలిసిపోయింది. ఒకసారి తొమ్మిదో తరగతి గోడ మీద ఎవరో రేడియో బొమ్మ గీసి, దానికి ఆయన కళ్ళజోడు తగిలించారు. ఆయన ఆగి చూసి, "కళ్ళజోడు భేషుగ్గా కుదిరింది, ఏరియల్ ఒక్కటే వంకరపోయింది" అని జేబులోంచి సుద్దముక్క తీసి సరిదిద్ది మరీ వెళ్ళారు.

ఆయన మా అక్క భర్త. నేను ఆ బడి ఆఫీసులోనే గుమస్తాని. ఇంట్లో మా రెండు వాటాలకీ మధ్య గోడ ఒకటే. అందుకని ఆయన గొంతు చెవిన పడకుండా నాకు పొద్దు పొడవదు, పొద్దు గుంకదు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క పనిముట్టు ఇచ్చి పంపిస్తాడని మా ఊరి బడిలో పంతులమ్మగారు చెప్పేవారు. ఆ మాట ఒకసారి అక్కతో అంటే, "మీ బావకి గొంతిచ్చాడు, ఆపే మీట ఇవ్వడం మరిచిపోయాడు" అంది.

నవ్వుకి అలా అంటుంది గానీ, ఆ గొంతు చేసే ఉపకారాలు అక్కకీ తెలుసు. సాయంత్రం బడి వదిలాక ఆయన వెంటనే ఇంటికి రారు. బస్సు స్టాపులో ఆఖరి పిల్ల బస్సెక్కేదాకా నిలబడి కబుర్లు చెబుతుంటారు. ఆ పిల్లలకి తాము ఎదురుచూస్తున్నట్టే తెలియదు. చీకటి పడుతోందన్న భయమూ తెలియదు. బస్సెక్కిన పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి, "తర్వాతేమైంది సార్?" అని అరవడం నేను ఎన్నిసార్లు విన్నానో.

అలాంటి మనిషికి నోరు మూసుకుని కూర్చోవలసిన ఉద్యోగం వచ్చిపడింది.

పదో తరగతి పిల్లలకి బృంద చర్చ అని ఒకటుంది. అందరూ ఒక కథ చదువుకుని వస్తారు. నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుని దాని గురించి తమలో తాము మాట్లాడుకుంటారు. కథని ఎవరు శ్రద్ధగా చదివారు, పక్కవారి మాట ఎవరు నిజంగా విని జవాబిచ్చారు, తన మాటకి కథలోంచి ఆధారం ఎవరు చూపించారు అన్నది చూసి మాస్టారు మార్కులు వెయ్యాలి. చర్చ నడిచినంతసేపూ ఆయన పెదవి విప్పకూడదు. అందించకూడదు, సరిదిద్దకూడదు, శభాష్ అనకూడదు.

పోయిన విడత చర్చని రికార్డు చేసి పరీక్షల ఆఫీసుకి పంపించాం. అది తిరిగొచ్చింది. వెంట రెండు వాక్యాలు వచ్చాయి. వాటిని హెడ్‌మిస్ట్రెస్ మేడం ఉపాధ్యాయుల గదిలో నా చేతే చదివించారు: "మాస్టారు కథను చక్కగా చర్చించారు. 'అవును సార్' అన్న మాటలను బట్టి విద్యార్థులు కూడా హాజరైనట్టు తెలుస్తున్నది."

గది గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది బావగారే. "అబ్బ, ఎంత బాగా రాశారండీ! ఈ రాసినవారెవరో పరిచయం చేసుకోవాలి" అన్నారు.

"చేసుకుందురుగాని. ఈసారి ఆవిడే వస్తున్నారు" అన్నారు మేడం. "పక్కన కూర్చుని చూస్తారట. మీరు ఒక్క మాట అందించినా చర్చ చెల్లదు. రెండోసారి కూడా చెల్లకపోతే నేనేం చెయ్యలేను మాస్టారూ. వచ్చే ఏడాది నుంచి పదో తరగతి కొత్త మాస్టారికి ఇవ్వాలి. మీరు ఆరో తరగతికి చేతిరాత చూసుకోవాలి."

బావగారి నవ్వు అక్కడే ఆగిపోయింది. కొత్త మాస్టారు పాపం మూలన కూర్చుని, తనేదో తప్పు చేసినట్టు బూట్ల వంక చూసుకుంటున్నాడు. సౌమ్యుడు. రోజు మొత్తం మీద గుప్పెడు మాటలు మాట్లాడే మనిషి.

పదో తరగతి అంటే బావగారికి ప్రాణం. గడప దాటి లోకంలోకి వెళ్ళబోయే పిల్లలు వాళ్ళు. ఆ గడప దగ్గర నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పి పంపడమే దేవుడు తనకి పెట్టిన పని అని ఆయన నమ్మకం. ఉద్యోగం ఇంకా కొద్ది ఏళ్ళే ఉంది. ఆ కొద్ది ఏళ్ళూ గడప దగ్గరే ఉండాలని ఆశ.

ఆ సాయంత్రం అక్క సంగతంతా విని నడుం బిగించింది.

"పెళ్ళయినప్పటినుంచీ మీరు నోరు మూసుకుంటే చూడాలని నా కోరిక. దేవుడు ఇన్నాళ్ళకి విన్నాడు. నోట్లో నీళ్ళు పోసుకోండి. మింగకూడదు, ఉమ్మకూడదు. నేనూ చెల్లీ కథ గురించి మాట్లాడుకుంటాం. మీరు వినాలి, అంతే."

ఆ కథ చిన్నదే. ఒకావిడ ఊరెళుతూ తన గులాబీ కుండీని పక్కింటావిడకి అప్పగిస్తుంది. ఆవిడ ఎంత కనిపెట్టుకుని చూసినా మొక్క చచ్చిపోతుంది. ఏడ్చి ఏడ్చి, బజారంతా గాలించి, అచ్చం అలాంటి మొక్కనే తెచ్చి అదే కుండీలో నాటుతుంది. ఊరినుంచి వచ్చినావిడ కుండీ చూస్తుంది. ఇది తన మొక్క కాదని గుర్తుపడుతుంది. కానీ "ఎంత బాగా చూసుకున్నావమ్మా" అని మెచ్చుకుని లోపలికి తీసుకెళుతుంది. ఎవరు చేసింది సబబు అన్నది పిల్లలకి ప్రశ్న.

బావగారు బుగ్గల నిండా నీళ్ళతో కుర్చీలో కూర్చున్నారు. అక్క కావాలనే మొదలుపెట్టింది.

"ఇందులో ఆలోచించేదేముందే? పక్కింటావిడ దొంగ. అంతే."

"ఊఁ! ఊఁ ఊఁ!" అన్నారు బావగారు, చెయ్యి గాల్లో ఊపుతూ.

"మొక్క యజమానురాలు మొద్దు. అది కూడా అంతే."

బావగారి కళ్ళు గుడ్లగూబ కళ్ళయ్యాయి. ముఖం ఎర్రబడింది.

"చూడవే, కుండ పొంగుతోంది" అంది అక్క.

నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆయనకీ ఆగలేదు. నీళ్ళన్నీ నా మీదే.

"అయ్యో మరదలా, తల తుడుచుకో, తల తుడుచుకో. తుడుచుకుంటూ విను. ఆవిణ్ణి దొంగ అనడం అన్యాయం, ఎందుకంటే..."

"ఏమండీ!"

"అనలేదు, ఏమీ అనలేదు."

అలా మూడు చెంబుల నీళ్ళు ఖర్చయ్యాయి. నేను తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాక, నవ్వులన్నీ సద్దుమణిగాక, ఆయన మెల్లగా అక్కతో అన్నారు.

"నాకు మాట్లాడాలన్న యావ కాదే. పిల్లలు మాట తట్టక ఆగిపోతే నేను చూడలేను. మా అమ్మ సంగతి నీకు తెలుసుగా."

నాకూ కొంత తెలుసు. ఆయన చిన్నతనంలోనే వాళ్ళమ్మకి చూపు పోయింది. బడి నుంచి రాగానే ఆ తల్లి గుమ్మంలో చాప మీద కూర్చుని వీధి సంగతులన్నీ చెప్పించుకునేది. ఎవరింటికి సున్నం వేశారు, దర్జీ ఇవాళ ఏ రంగు గుడ్డ కుడుతున్నాడు, కుక్క ఎక్కడ పడుకుంది, అన్నీ. పిల్లవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, గాల్లోకి చెయ్యి చాపి, "ఉన్నావా నాన్నా?" అనేది. ఆ ప్రశ్న రాకుండా ఉండాలని ఆయన ఆగకుండా మాట్లాడడం నేర్చుకున్నారు.

"ఎవరైనా మాట ఆపి నా వంక చూస్తే నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది" అన్నారు బావగారు. "ఉన్నానర్రా అని చెప్పకుండా ఎలా ఉండను?"

అక్క ఖాళీ చెంబు పక్కన పెట్టి, "ఆవిడకి కళ్ళు లేవండీ. ఈ పిల్లలకి ఉన్నాయి కదా. మీరు ఉన్నట్టు వాళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది" అంది.

ఆయన దానికి జవాబు చెప్పలేదు. నాకు గుర్తున్నంతలో ఆయన జవాబు చెప్పని మాట అదొక్కటే.

పరీక్షల ఆఫీసు పరిశీలకురాలు వచ్చే ముందు రోజు నేను సుద్దముక్కల పెట్టె కోసం ప్రయోగశాల వైపు వెళ్ళాను. లోపలినుంచి మాటలు వినిపించాయి. తలుపు సందులోంచి చూస్తే చర్చకి పేర్లిచ్చిన అయిదుగురూ బల్లల మధ్య గుండ్రంగా కూర్చున్నారు. అందరికీ పెద్ద దిక్కు లాయరు. నల్ల రిబ్బన్ల పిల్ల, ఎదుటివాళ్ళని మాట పూర్తి చెయ్యనివ్వదు కాబట్టి ఆ పేరు. పక్కన తాతయ్య, పదిహేనేళ్ళకే చేతులు వెనక్కి కట్టుకుని నడిచే పిల్లవాడు. ఒక్కసారి చదివితే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే చిలక. ఎప్పుడూ మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పొడుగు. గొంతు పక్క వీధిదాకా వినిపించే మైకు.

"మైకూ, నీ వంతయ్యాక చిలక అందుకుంటుంది. 'నా మిత్రుడు ఇంత గట్టిగా చెప్పినా' అని. గట్టిగానే చెప్పాలి మరి" అంటోంది లాయరు.

"నేను మెల్లగా ఎప్పుడు చెప్పానే?" అన్నాడు మైకు. కిటికీ అద్దం అదిరింది.

అప్పుడర్థమైంది నాకు. వీళ్ళు చర్చనే నాటకంలా రాసుకుని బట్టీపడుతున్నారు. ఎవరి వాక్యం తర్వాత ఎవరిది అన్నది కూడా ఖాయం. ఎక్కడా ఆగకపోతే మాస్టారికి అందించాల్సిన అవసరం రాదు కదా అని వాళ్ళ ఉపాయం.

నన్ను చూసి లాయరు పరుగెత్తుకొచ్చింది. "అక్కా, సార్‌తో చెప్పకండక్కా. ఈసారి కూడా మధ్యలో మాట్లాడితే ఆయన్ని ఆరో తరగతికి వేసేస్తారట."

"తప్పమ్మా ఇది" అన్నాను.

"తప్పే అక్కా. మరి ఏం చెయ్యమంటారు?"

వాళ్ళ ముఖాలు చూస్తే కోప్పడబుద్ధి కాలేదు. ఇంటికెళ్ళి దేవుడితో చెప్పుకున్నాను, బావగారితో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మైకు వాళ్ళమ్మ ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చింది.

"అమ్మా, వాడు రాడు. గవదబిళ్ళలు. రెండు బుగ్గలూ బూరెల్లా పొంగాయి, నోరు తెరుచుకోవడం లేదు. కాగితం మీద రాసి ఇస్తానని ఒకటే గొడవ. ఏదో చర్చటగా? రాసిస్తే కుదురుతుందా?"

"కుదరదమ్మా. తగ్గాక చూద్దాంలెండి" అని పంపించి, పిల్లలకి చెబుదామని లేచేలోపే పరిశీలకురాలు రానే వచ్చారు. అనుకున్న వేళకంటే ముందే. తెల్లబడిన జుట్టు, చేతిలో గొడుగు, నెమ్మది మనిషి. గుమ్మంలో చెప్పులు తుడుచుకుని, నేను నిలబడితే, "మీరు కూర్చోండమ్మా, చర్చ గ్రంథాలయంలోనేగా, నేను వెతుక్కుంటాను" అన్నారు. మేం అక్కడికి వెళ్ళేసరికి పిల్లలు కూర్చునే ఉన్నారు. పొడుగు అలవాటు కొద్దీ అయిదు కుర్చీలు వేశాడు. ఒకటి ఖాళీ. లాయరు నా వంక చూసింది. నేను బుగ్గలు పొంగించి చూపించాను. పాపం, దాని ముఖం సుద్దలా పాలిపోయింది.

పరిశీలకురాలు ఒక మూల, బావగారు ఇంకో మూల కూర్చున్నారు. వేళ చూసి గంట కొట్టడం నా పని. గంట కొట్టాను.

"మిత్రులారా, ఈ కథ నా హృదయాన్ని కదిలించింది" అని ఎత్తుకున్నాడు తాతయ్య. "అయినా పక్కింటావిడ చేసింది ముమ్మాటికీ మోసమే."

"నీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే నేను వినయంగా విభేదిస్తున్నాను" అంది లాయరు.

బావగారి కనుబొమ్మలు నుదుటి మీదికి పాకాయి.

పొడుగు తన ఒక్క వాక్యమూ చెప్పాడు. తర్వాత మైకు వంతు. అందరూ ఖాళీ కుర్చీ వైపు తిరిగారు. తిరగకూడదని ఎవరికీ తోచలేదు. అన్నిసార్లు అలాగే తిరిగి అలవాటైపోయింది మరి. గదిలో చప్పుడు లేదు. చిలక పెదవులు మాత్రం కదులుతున్నాయి. మైకు చెప్పవలసినదంతా ఆ పిల్ల లోలోపల చెప్పుకుంటోంది. అది పూర్తయ్యేదాకా ఆగి, ఊపిరి తీసుకుని, ఖాళీ కుర్చీని చూస్తూ అంది:

"నా మిత్రుడు ఇంత గట్టిగా చెప్పినా, నేను అతనితో ఏకీభవించలేకపోతున్నాను."

పరిశీలకురాలి కలం ఆగిపోయింది. ఆవిడ కుర్చీ వంక చూశారు, చిలక వంక చూశారు, మళ్ళీ కుర్చీ వంక చూశారు. పొడుగుకి ఎక్కిళ్ళలా నవ్వు తన్నుకొచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చిలకకి తను చేసిందేమిటో అప్పుడు తెలిసి కళ్ళు నేలకి దించేసింది.

ఇంక ఎవరికీ మాట రాలేదు. నలుగురూ ఒక్కసారే బావగారి వైపు చూశారు.

ఆయన కుర్చీ అంచుకి జరిగారు. రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకున్నారు. పెదవులు విడివడ్డాయి. "ఏం ఫర్వాలేదర్రా" అన్న మాట ఆయన నాలుక చివర నిలబడి ఉండడం నాకు కనిపిస్తోంది. తండ్రీ, ఆ మాటని అక్కడే ఆపు అని దణ్ణం పెట్టుకున్నాను.

ఆగింది. ఆయన పెదవులు మూసుకుని, చూపు మాత్రం తిప్పుకోలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే చూస్తూ అలాగే కూర్చున్నారు. ఉన్నానర్రా అని ఇంకెలా చెప్పాలి? నుదుటి మీద చెమట కారిపోతోంది, తుడుచుకోలేదు.

ఎంతసేపైందో. పొడుగు మోకాళ్ళు సర్దుకుని, తలవంచుకునే అన్నాడు:

"మన మొక్క చచ్చిపోయిందర్రా."

"నోర్ముయ్" అంది లాయరు. అది దాని సొంత గొంతు.

"కాదే, నిజంగా. ఆవిడ పాత కుండీలో కొత్త మొక్క పెట్టి ఇచ్చింది. మనం చర్చ అని చెప్పి నాటకం పెట్టి ఇస్తున్నాం. తేడా ఏంటి?"

"మనం సార్ కోసం చేశాం" అన్నాడు తాతయ్య.

"ఆవిడా మొక్క యజమానురాలు బాధపడకూడదనే చేసింది. మరి నువ్వు ఆవిణ్ణి మోసగత్తె అన్నావేంటి ఇందాక?"

"నా వంతులో అలా ఉంది! రాసింది లాయరు!"

"సర్లే, నేనే రాశా" అంది లాయరు. "ఇప్పుడు చెప్పు, నిజంగా నీకేమనిపించింది?"

తాతయ్య చేతులు వెనక్కి పెట్టుకోబోయాడు, కుర్చీ అడ్డొచ్చింది. "నిజంగా అంటే... నేను నా వంతే చదివాను. కథ ఆఖరిదాకా చదవలేదు."

"ఓరి నీ!" అంది లాయరు. నలుగురూ నవ్వారు. పరిశీలకురాలు గొడుగు వైపు తిరిగి దగ్గారు. ఆ నవ్వుతో గదిలో గాలి మారింది.

"అయితే విను" అంది చిలక. తల ఎత్తింది. "ఊరినుంచి వచ్చినావిడ 'ఆకుని వేలితో తడిమి, కుండీని తిప్పి చూసింది' అని ఉంది. అంటే గుర్తుపట్టింది. పట్టాకే మెచ్చుకుంది."

"దేన్ని మెచ్చుకున్నట్టు మరి?" అన్నాడు పొడుగు. "తన మొక్క కాదు కదా."

"ఆ మనిషి పడ్డ అవస్థనేమో."

"అవస్థ పడిందని ఆవిడకెలా తెలుసు? తను ఊళ్ళోనే లేదుగా" అంది లాయరు.

చిలక కళ్ళు మూసుకుంది. "'కుండీ అడుగు కూడా కడిగి ఉంది' అని ఉంది. కుండీ అడుగు ఎవరు కడుగుతారు? భయంతోనో, బాధతోనో ఉన్నవాళ్ళే కడుగుతారు. మా అమ్మ కూడా మనసు బాగోనప్పుడు గిన్నెలన్నీ మళ్ళీ తోముతుంది."

దీనికి లాయరు ఎదురు చెప్పకుండా కాసేపు ఆలోచించింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆ పిల్ల ఇంకొకరి మాట నెమరువేసుకోవడం.

"అది నిజమే" అంది చివరికి. "అయినా చెప్పెయ్యాల్సిందే అంటాను. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చెప్పుకోరు. రోజూ ఆ కుండీ ఎదురుగా ఉంటుంది. ఆ మొక్క పూసినా ఇద్దరూ హాయిగా చూడలేరు. చెప్పేస్తే ఒక్కరోజు ఏడుపు, అంతే. మనం కూడా నిన్ననే సార్‌కి చెప్పుండాల్సింది. ఇప్పుడు చూడు, ఆయన క్లాసు..." అంటుండగానే దానికి దగ్గు తెర వచ్చింది.

బావగారు లేచారు. ఆయన గది మూలకి నడిచి, కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి, తెచ్చి లాయరు చేతికిచ్చి, వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. ఒక్క అక్షరం లేదు.

"తాగవే" అన్నాడు తాతయ్య, ముసలాయనలా. "పోతే పోయింది. నాకైతే పొడుగు చెప్పేశాక ప్రాణం తేలిగ్గా ఉంది. కథలో ఆవిడకి ఎవరూ చెప్పే అవకాశం ఇవ్వలేదు. మెచ్చుకోకుండా 'ఏమైందమ్మా' అని అడిగుంటే తనే చెప్పేదేమో."

"చదవకుండా ఇంత బాగా చెప్పావేంట్రా!" అంది చిలక.

"నువ్వు చెప్పావుగా. విన్నాను."

నేను గంట కొట్టాల్సిన వేళ దాటిపోయిందని అప్పుడు చూసుకున్నాను.

పిల్లలు వెళ్ళాక పరిశీలకురాలూ బావగారూ వేరువేరుగా మార్కులు వేసి, ఒక బల్ల దగ్గర కూర్చుని పోల్చుకున్నారు. నేను టీ పట్టుకెళ్ళాను.

"నాటకం సంగతి మీకు ముందే తెలుసా?" అని అడిగారావిడ.

"తెలియదమ్మా. కానీ రెండో మాటకే అర్థమైంది. మా లాయరు వినయంగా విభేదించడం నేనింతవరకూ చూడలేదు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు. "నాటకానికి నేనేమీ వెయ్యలేదు."

"నేనూ అంతే. ఖాళీ కుర్చీ దగ్గర్నుంచే లెక్కలోకి తీసుకున్నాను."

"తాతయ్య అంటున్నారే, ఆ అబ్బాయికి నాకంటే తక్కువ వేశారు. చివర్లో ఎంత బాగా మాట్లాడాడు!"

"బాగా విన్నాడమ్మా, దానికి పూర్తిగా వేశాను. చదవలేదని ఒప్పుకున్నందుకు వీపు తడతాను. చదివినదానికి మార్కు మాత్రం చదివితేనే." బావగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చిలకకి మాత్రం మీకంటే ఎక్కువ వేశాను. ఆ పిల్ల ఇన్నాళ్ళూ పాఠాలన్నీ గోడకి అప్పజెప్పినట్టు అప్పజెప్పేది. ఇవాళ మొదటిసారి ఎదుటి మనిషి అడిగిందానికి వెతికి ఇచ్చింది."

ఆవిడ కాసేపు తన అంకె వంక చూసి, దాన్ని కొట్టేసి కొత్తది వేశారు.

అప్పటికే హెడ్‌మిస్ట్రెస్ మేడం గుమ్మంలో నిలబడి ఉన్నారు. "మాస్టారు మాట్లాడారా?" అన్నారు, వినడానికే భయపడుతున్నట్టు.

"లేదండీ. నీళ్ళిచ్చారు. నీళ్ళివ్వకూడదని నిబంధన ఏదీ లేదు" అన్నారు పరిశీలకురాలు. "నాటకం ఆగిన దగ్గర్నుంచి చర్చ చెల్లుతుంది. ఆ అబ్బాయికి బుగ్గలు తగ్గాక వేరే బృందంతో కూర్చోబెట్టండి. అప్పుడు మీ కొత్త మాస్టారిని కూడా ఈయన పక్కన కూర్చోమనండి. పిల్లలు ఆగిపోయినప్పుడు ఎలా కూర్చోవాలో చూసి నేర్చుకుంటారు."

మేడం ముఖం విప్పారింది. "అయితే పదో తరగతి మీదే మాస్టారూ" అన్నారు.

బావగారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. ఏదో చెప్పబోయి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని బయటికొచ్చేశాను.

నడవాలో నలుగురు పిల్లలూ గోడకి అంటుకుపోయి ఉన్నారు. కాసేపటికి ఆయన వచ్చి వాళ్ళ ముందు ఆగారు.

"నన్ను కాపాడాలనుకున్నారు. మనసు మంచిదే. చేసిన పని మంచిది కాదు. రెండూ చెప్పాను కదా? ఇక క్లాసుకి పదండి. తాతయ్యా, నువ్వు మాత్రం ఆ కథ చదివాకే నాకు కనిపించు."

"క్లాసు మీదేనా సార్?" అంది లాయరు.

"నాదే."

నలుగురూ వేసిన కేకకి మైకు లేని లోటు తీరిపోయింది.

నేను ఆఫీసులో కూర్చుని పని మొదలుపెట్టానో లేదో, కొత్త మాస్టారు ఎదురొచ్చి బావగారికి నమస్కారం పెట్టడం కిటికీలోంచి కనిపించింది. "మీ దగ్గర నేర్చుకోమన్నారు సార్, మాట్లాడకుండా ఎలా కూర్చోవాలో" అన్నాడు.

"దానికేముంది బాబూ, చాలా తేలిక" అన్నారు బావగారు, ఆయన భుజం మీద చెయ్యి వేసి. "ముందు మోకాళ్ళు పట్టుకోవాలి. ఎందుకు పట్టుకోవాలంటే..."

అలా నడవా ఈ కొసనుంచి ఆ కొసకీ, ఆ కొసనుంచి ఈ కొసకీ తిరుగుతూనే ఉన్నారు. కొత్త మాస్టారు ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు, సందు దొరకలేదు. మధ్యలో గంట కొట్టారు, పిల్లలు క్లాసులు మారారు, అయినా ఆ గొంతు ఆగలేదు. మేడం తమ గదిలోంచి తొంగిచూసి నన్ను అడిగారు:

"ఏంటమ్మా అది, అంతసేపట్నుంచీ?"

"మౌనంగా ఎలా ఉండాలో మాస్టారు పాఠం చెబుతున్నారండీ" అన్నాను.